తూకం పెరగని పిల్లలుంటె ముందు నీళ్ళు చూడు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటోలన్నీ చూసిన, పిల్లలు గుండ్రంగ కూసొని అన్నం తింటున్నది, ఆయమ్మ గుడ్ల పొట్టు తీస్తున్నది, గోడ మీద నువ్వేసిన ఏనుగు బొమ్మ, అన్నీ. మా చెల్లె బిడ్డ అంగన్‌వాడీ టీచర్ అయిందని వాడకట్టంత చెప్పుకున్న. మెసేజ్ చివర్ల నువ్వు రాసిన మాట కాడ మాత్రం ఆగిపోయిన. ఆరుగురు పిల్లలు మూడు నెలల సంది తూకం పెరుగుతలేరు పెద్దమ్మా, బాలామృతం పిండి ఇస్తున్న, గుడ్లు ఇస్తున్న, తల్లులు ఇంటికి తీస్కపోయి పెద్దోళ్ళకు పెడుతున్నరో ఏమో, ఈసారి గట్టిగ అడుగుత అని రాసినవ్ కదా. ఆ గట్టిగ అడుగుడు ఒక్క వారం ఆపు. దానికోసమే ఇంత పొడుగు రాస్తున్న, ఫోన్‌ల టైపు చేసుడు నాకు కష్టం, తప్పులుంటె సర్దుకొని చదువుకో.

నేను కూడ అట్లనే అడిగిన ఒకామెను. సూపర్‌వైజర్ కాకముందు, టీచర్‌గ చేరిన మూడో ఏడు. ఆమె బిడ్డకు ఏడాదిన్నర, తూకం ఏడు కిలోల మీద కొద్దిగ, నాలుగు నెలల సంది ముల్లు ఒక్క గీత కదలలే. అప్పట్ల మేం పంచే పిండి ప్రతి వారం ఆమె చేతుల పెట్టిన, నా రిజిస్టర్ల సంతకం ఉంది, మరి పిల్లకెందుకు పడతలేదు? పది మంది ఆడోళ్ళు నిలబడి ఉండంగ అడిగేసిన, పిండి అమ్ముకుంటున్నవా, కోళ్ళకేస్తున్నవా అని. ఆమె ఒక్క మాట అనలే. పిల్లను చంకల ఎత్తుకొని పోయింది. తర్వాత వారం ఆ పిల్లకు మోషన్స్ పట్టుకొని దవాఖాన్ల ఏసిన్రు.

దవాఖాన నుంచి వచ్చినంక చూద్దామని వాళ్ళింటికి పోయిన. కడప మీద కూసున్న, ఎండకు వచ్చినవ్ నీళ్ళు తాగు మేడమ్ అని ఆమెనే అన్నది. జలారు బండ పక్కన సిమెంటు గోళెం, మీద ఒక తట్టు సంచి కప్పి ఉంది. సంచి పక్కకు జరిపి, స్టీలు గిలాస పట్టుకొని మణికట్టు దాక చెయ్యి ముంచి నీళ్ళు తీసింది. గిలాసను లోపలి నుంచి పట్టుకున్నది కాబట్టి బొటనవేలు మొత్తం నీళ్ళల్లనే ఉంది. అప్పుడే పెద్ద పిలగాడు బయటి నుంచి ఉరికొచ్చిండు, చేతులకు మట్టి, అదే గిలాస ముంచుకొని తాగి మిగిలినయి మళ్ళ గోళెంల పోసి పోయిండు. ఆమె ఆ నీళ్ళతోనే పిండి కలిపింది నా కండ్ల ముందట. ప్యాకెట్ మొత్తం పిల్లకే పెడుతున్నది, పక్కన ఖాళీ ప్యాకెట్లు మడతబెట్టి దాచి ఉన్నయి.

నీళ్ళు ఏడ పట్టుకుంటవమ్మా అంటె గల్లీల చూపించింది. నల్లాకు జోరు లేదని పైపు కోసి మూడు ఫీట్ల గుంత తవ్విన్రు, ఆ గుంతల కూసొని బిందె పట్టుకోవాలె. మోరీ ఆ గుంతకు మూరెడు దూరం, అది పొంగినప్పుడల్ల గుంతల నిండుతది, పైపు మూతి ఆ నీళ్ళల్ల మునిగి ఉంది. నీళ్ళు దినం విడిచి దినం వస్తయి. ఇది జర మనసు పెట్టి అర్థం చేసుకో బిడ్డా, నీళ్ళు బంద్ చేసినప్పుడు పైపు ఖాళీ అయితది, ఖాళీ అయినప్పుడు లోపలికి గుంజుతది, మునిగి ఉన్న మూతి నుంచి, పగుళ్ళ నుంచి, లీకేజీ ఉన్న వాల్వు కాడి నుంచి మోరీ నీళ్ళే లోపలికి పోతయి. మళ్ళ నీళ్ళు విడిస్తె మొదటి బిందెల పడేది అదే. ఆమె పిల్ల నాలుగు నెలలు తాగింది ఆ నీళ్ళు.

ఆ గుంత పూడ్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది, అది తర్వాత చెప్త. ఇంట్ల మాత్రం ఆ రోజు నుంచే మారింది, కాగబెట్టిన నీళ్ళు, మూత ఉన్న బిందె, పొడుగు కాడ గంటె. రెండు నెలలల్ల పిల్ల తొమ్మిది వందల గ్రాములు పెరిగింది, పిండి అదే, తల్లి అదే. నేను ఆమెను తిట్టింది పది మందిల, తప్పయింది అని చెప్పింది మాత్రం ఇంట్ల, ఆమెకొక్కదానికే. పది మందిలనే చెప్పాల్సి ఉండె, ఇప్పటికీ ఆ బాధ పోలే.

ఎందుకిట్ల అయితదో చెప్త. మోషన్స్ అయితె తిన్నది నిలవదు, అది అందరికీ తెలుసు. తెలవనిది ఏందంటె మోషన్స్ కాకున్నా సరే, రోజూ కొద్దికొద్దిగ మురికి కడుపులకు పోతుంటె చిన్నపేగు లోపలి పొర పాడయితది. ఆ పొర మీద మఖ్మల్ బట్టకున్నట్టు సన్నటి నూగు ఉంటది, తిన్నదాంట్ల సత్తువ గుంజుకునేది అదే, అది పొట్టిగైపోతె నువ్వు రోజుకు రెండు గుడ్లు పెట్టినా పూర్తిగ ఒంటికి పట్టదు. పైకి పిల్ల ఆడుతుంటది, తింటుంటది, కానీ ఎత్తు పెరగదు తూకం పెరగదు. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన తెలంగాణల అయిదేండ్ల లోపు పిల్లలు నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, ఆంధ్రల 31. బియ్యం కార్డు లేకనో సెంటర్ల గుడ్డు రాకనో మాత్రమే ఇంత మంది పొట్టిగ ఉన్నరంటె నేను నమ్మను.

ప్రపంచమంత ఇదే కథ. 2024ల లోకం మీద 67 కోట్ల మందికి పైన ఆకలితోని ఉన్నరు, ఇంటికాడ శుభ్రమైన నీళ్ళు దొరకనోళ్ళు 210 కోట్లు, అన్నీ ఐక్యరాజ్య సమితి సంస్థల లెక్కలే. ఈ రెండు లెక్కలు వేరువేరు పుస్తకాలల్ల వేస్తరు గాని మనుషులు చానా మంది వాళ్ళే వీళ్ళు. యెమెన్ సంగతి తెలుసు కదా, యుద్ధంల నీళ్ళ పంపులు, మురుగు పైపులు కూలిపోయినయి, తిండి కూడ లేకపాయె, 2017 అయిపోయేటాళ్ళకు కలరా అనుమానం కేసులు పది లక్షలు దాటినయి. బియ్యం బస్తాలు ఓడలల్ల పంపినా క్లోరిన్ పోయకుంటె ఆ బియ్యం పిల్లల ఒంటికి పట్టదు. మోషన్స్‌తోని ఏటా నాలుగు లక్షల మందికి పైన అయిదేండ్ల లోపు పిల్లలు చచ్చిపోతున్నరు ఇప్పటికీ. మన సెంటర్ల కూసొని యెమెన్‌కు ఏం జెయ్యలేం, కానీ నీ ఆరుగురు పిల్లలకు చెయ్యొచ్చు.

ఇగ ఏం జెయ్యాల్నో చెప్త. రేపు సెంటర్ అయిపోయినంక ఇంటికి పోకు, ట్యాంకీ కాడికి పో. ట్యాంకీ నుంచి మొదలువెట్టి ఆ ఆరుగురి ఇండ్ల దాక పైపు ఎటు పోతదో అటు నడువు. వాల్వు గుంతలల్ల చూడు, నీళ్ళు నిలబడి ఉన్నయా, మోరీల నుంచి పైపు పోతున్నదా, ఏడనన్న సైకిల్ ట్యూబు చుట్టి కట్టిన్రా. నాకైతె ఒక అనుమానం ఉంది, ఆ ఆరుగురిల నలుగురన్న ఒకటే లైన్ల చివర ఉంటరు, చూసి చెప్పు. చివరి ఇండ్లకు జోరు తక్కువుంటది కాబట్టి వాళ్ళు నల్లాకు మోటరు పెడతరు, మోటరు గుంజినప్పుడు పగుళ్ళ నుంచి మురికి కూడ గుంజుకుంటది. మోటరు పెట్టినోళ్ళను తిట్టకు, నీళ్ళు రాకపోతె వాళ్ళేం జేస్తరు పాపం. నీళ్ళు విడిచినంక మొదటి అయిదారు నిమిషాలు పక్కకు పోనిచ్చి, గిన్నెలు కడగనీకి పెట్టుకొని, తర్వాత తాగే బిందె పట్టుకోమని చెప్పు, పైసా ఖర్చు లేదు.

నీళ్ళు విడిచే ఆయన ఉంటడు కదా పంచాయతీల, ఆయనతోని మంచిగ ఉండు బిడ్డా. సర్పంచ్ కంటె, సెక్రటరీ కంటె నీ పిల్లల కడుపు ఆయన చేతులనే ఎక్కువ ఉంది. ఆయనకొచ్చే జీతం ఎంతో, అది ఎన్ని నెలలకోసారి వస్తదో అడిగి తెలుసుకో, ఊరంత ఆయన మీద ఒర్లుడే గాని ఒక్కరు చాయ్ తాగుతవా అని అడగరు. బ్లీచింగ్ పౌడర్ ఏడ పెడుతున్నడో చూడు. నేను చూసిన ఊర్లల్ల సగం కాడ సంచి మూతి విప్పి, ట్యాంకీ కింద తడిల పెట్టి ఉంటది, నెల రోజులకు అది వట్టి సున్నమే, వాసన చూస్తె తెలుస్తది, ముక్కు మండాలె, మండకపోతె దాంట్ల పని లేదు. మూతి గట్టిగ కట్టి నీడన, తడి లేని కాడ పెట్టాలె.

పుస్తకంల లెక్క మంచి పౌడర్ అయితె వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటె 40 వేల లీటర్ల ట్యాంకీకి వంద గ్రాములు. పౌడర్‌ను తెచ్చి నేరుగ ట్యాంకీల కుమ్మరించొద్దు, చిన్న బకెట్‌ల నీళ్ళు పోసి మంచిగ కలిపి పది నిమిషాలు ఆపితె సున్నం కిందికి దిగుతది, పైన తేట మాత్రమే ట్యాంకీల పొయ్యాలె, పోసినంక కనీసం అరగంట, గంట అయితె ఇంకా మంచిది, ఆపి అప్పుడు నీళ్ళు విడవాలె. కానీ ఈ గ్రాముల లెక్క పట్టుకొని కూసోకు, పౌడర్ పాతదైనా నీళ్ళు మురికున్నా అది సరిపోదు. అసలు లెక్క చివరి ఇంటి నల్లా కాడ. క్లోరిన్ టెస్ట్ చేసే చిన్న డబ్బా ఉంటది, నీళ్ళల్ల చుక్కలో బిళ్ళో ఏస్తె రంగు వస్తది, కొన్నిట్ల పసుపు కొన్నిట్ల గులాబీ. చివరి నల్లా కాడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలె. ఏ రంగు రాకపోతె ఆ ఇంటికి వచ్చేటాళ్ళకు క్లోరిన్ అంత మధ్యల మురికితోనే ఖర్చయిపోయిందన్నట్టు. ఇంకోటి, హెచ్‌టూఎస్ సీసాలని ఉంటయి, గీత దాక నీళ్ళు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచితె మురికి నీళ్ళయితె నల్లగైతది. ఊర్ల నీళ్ళు చూసే సర్కారు శాఖ ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ళను అడుగు, కేంద్రం నల్లా నీళ్ళ పథకం జల్ జీవన్ కింద ఊరికి అయిదుగురు ఆడోళ్ళకు నీళ్ళ టెస్టు నేర్పియ్యాలని ఉంది, మీ ఊర్ల ఎవ్వలకు నేర్పిన్రో కనుక్కో, ఆ కిట్టు ఎవరింట్లనో అటక మీద ఉంటది.

నల్లబడ్డ సీసా మస్తు పని చేస్తది. ఆ గుంత పూడ్పించుడు రెండు నెలలు పట్టిందని చెప్పిన కదా, కాయిదాలు రాసి రాసి అలసిపోయిన, ఎవ్వరు పట్టించుకోలే, ఊరి పేరు చెప్పను. తర్వాత ఎన్నో ఏండ్లకు ఈ సీసాలు వచ్చినయి, అవి అప్పుడే ఉంటె రెండు దినాలల్ల అయిపోయేది. నేను సూపర్‌వైజర్ అయినంక ఇంకో ఊర్ల గ్రామసభల మూడు సీసాలు బల్ల మీద పెట్టిన, ట్యాంకీ కాడివి తెల్లగ, మధ్య గల్లీవి కొద్దిగ మబ్బుగ, చివరి వాడవి బొగ్గు లెక్క. ఒక్క మాట మాట్లాడలే నేను, సంఘం ఆడోళ్ళే లేచి మాట్లాడిన్రు. నువ్వు కూడ తీర్మానంల రాయించు, తారీఖు, ఏ వాడ, ఏ వాల్వు, ఎన్ని రోజులల్ల చేస్తరు, కింద సంతకాలు. నోటి మాట మీద ఇంటికి రాకు.

ఇగ మన నల్లగొండ జిల్లాకున్న ఇంకో శాపం, నీళ్ళల్ల ఉండి ఎముకలు పాడుచేసే ఫ్లోరైడ్. నువ్వు పుట్టేటాళ్ళకు కృష్ణ నీళ్ళ మాట మొదలైంది కాబట్టి నీకు అంత తెల్వదు. మర్రిగూడ దిక్కు మా చిన్నప్పుడు నలభై ఏండ్లకే నడుం వంగి కట్టె పట్టుకొని నడిచేటోళ్ళు, మెడ తిప్పలేక మొత్తం మనిషే తిరిగి చూసేటోళ్ళు. మన కింద గ్రానైటు రాయి, అందుల ఉన్న ఫ్లోరైడ్ నీళ్ళల్లకు దిగుతది, బోరు లోతుకు పోయినకొద్ది చానా కాడ ఎక్కువైతది. 1996 పార్లమెంటు ఎలక్షన్ల నల్లగొండల 480 మంది నామినేషన్ వేసి నిలబడ్డరు, గెలవడానికి కాదు, మా నీళ్ళ గోస దేశం చూడాలని. ఓటు కాయిదం కాదు అది, పుస్తకమే, మా అత్త గుర్తు ఏడుందో ఎతుక్కోలేక బూత్‌ల కూసుంది. 2016ల మిషన్ భగీరథ పథకం మొదలై ఇంటింటికి నల్లా వచ్చినప్పుడు మా అమ్మ మొదటి గిలాస దేవుని ముందట పెట్టింది.

నీ పనికి దీంట్ల ముఖ్యమైన ముచ్చట ఒకటుంది. 1973ల మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు ఇదే నల్లగొండ జిల్లాల చూసి రాసిన్రు, ఫ్లోరైడ్ ఉన్న ఊర్లల్ల పిల్లలకు మోకాళ్ళు లోపలికి ఒరిగి కాళ్ళు వంకర పోతున్నయని, ఎముకలు గుల్లబారుతున్నయని. తిండి సరిగ్గ లేని పిల్లల మీద, పాలు క్యాల్షియం అందని పిల్లల మీద ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ పడతది. ఒకటే బోరు నీళ్ళు తాగినా పాలు గుడ్లు తినే ఇంటి పిలగాడు ఎట్లనో నెట్టుకొస్తడు, గంజి తాగే ఇంటి పిలగాని కాళ్ళు వంగుతయి. నీళ్ళు చెడగొట్టిన దాంట్ల కొంత తిండి ఆపుతది, తిండి తక్కువైన దాన్ని నీళ్ళు ఇంకా పెంచుతయి. అందుకే నీకిచ్చే పాలు, గుడ్డు, ఆకుకూర పప్పు మీద నేను ఇంత పట్టుదల. మునగాకు, తోటకూర పప్పుల ఏపియ్యి. చింతపండు తింటె ఫ్లోరైడ్ మూత్రంల బయటికి పోవుడు పెరుగుతదని కూడ ఆ సంస్థ వాళ్ళే పిల్లల మీద చూసి చెప్పిన్రు, మన చారు మనకు ఊరికె అలవాటు కాలే అనుకుంట నేను.

ఇప్పుడు నల్లా నీళ్ళు వస్తున్నయి కదా, ఫ్లోరైడ్ పోయింది కదా అంటవ్. నల్లా కాడ పోయింది. పత్తి చేను కాడ పోలే. తల్లి ఎనిమిదింటికి కూలికి పోతది, చంటి పిల్లను కూడ తీస్కపోతది, దూప అయితె బోరు మోటరు కాడ దోసిలి పడతరు, అదే నీళ్ళు పిల్లకు. ఇంటింటికి పోయినప్పుడు ఏం నీళ్ళు తాగుతరు అని అడగకు, అందరు నల్లా నీళ్ళే అంటరు. పొద్దున ఏడ తాగిన్రు, పగలు చేన్ల ఏం తాగిన్రు, అన్నం ఏ నీళ్ళతోని వండిన్రు, పిండి ఏ నీళ్ళతోని కలిపిన్రు, విడివిడిగ అడుగు. చానా ఇండ్లల్ల తాగేది క్యాన్ నీళ్ళు, వండేది బోరు నీళ్ళు, అన్నం పప్పు కూడ నీళ్ళను తాగుతయి కదా, ఫ్లోరైడ్ ఆడికెల్లి వస్తది. నీ సెంటర్ల వంట నీళ్ళు ఎక్కడివో నువ్వే ఫస్టు చూసుకో. కాగబెడితె క్రిములు చస్తయి గాని ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడతది, ఈ సంగతి చదువుకున్నోళ్ళకు కూడ తెల్వదు. అనుమానం ఉన్న బోరు నీళ్ళు ప్లాస్టిక్ సీసాల పట్టి, అదే నీళ్ళతోని మూడు సార్లు తొలిచి, నిండుగ పోసి ల్యాబుకు పంపు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుంటె మంచిది, వేరే దిక్కు లేకపోతె 1.5 దాక. దాటిన బోరింగుకు ఎర్ర రంగు ఎయ్యమను, బట్టలుతకనీకి పనికొస్తది, తాగనీకి కాదు.

పటిక, సున్నం కలిపి బకెట్‌ల ఫ్లోరైడ్ దించే పద్ధతి ఒకటుంది, నాగ్‌పూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ వాళ్ళు కనిపెట్టి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టిన్రు. మా ఇంట్ల కొన్ని రోజులు చేసినం. రోజూ కొలత చూసి కలపాలె, అడుగున దిగిన మడ్డి పారబోయాలె, నాట్లు మొదలయ్యేటాళ్ళకు ఎవ్వరికి ఓపిక లేదు, బకెట్ కోళ్ళకు నీళ్ళు పెట్టనీకి పోయింది. ఏ పనైనా కూలికి పోయొచ్చిన ఆడమనిషి రాత్రి ఏడింటికి చెయ్యగలుగుతదా లేదా చూసుకొని చెప్పు బిడ్డా, లేకపోతె చెప్పకు.

క్యాన్ నీళ్ళ గురించి అడుగుతరు నిన్ను. ఆర్‌వో ప్లాంటు మంచిగ నడిపితె ఫ్లోరైడ్ పోతది, నేను కాదనను. కానీ ఆ నీళ్ళల్ల క్లోరిన్ ఉండదు, క్యాన్ కడగకపోయినా నాలుగు రోజులు నిలువపెట్టినా మళ్ళ మురికే, క్యాన్ లోపల పచ్చగ పాకురు పట్టిందా టార్చ్ కొట్టి చూడు. క్యాన్ అయిదు రూపాయలే అంటరు, రోజుకొకటి అంటె నెలకు నూటయాభై, గుడ్డు ఆరు రూపాయలనుకుంటె పాతిక గుడ్లు. పేదింట్ల ఆ పాతిక గుడ్లు పిల్ల తినాల్సినయి. భగీరథ నీళ్ళు బ్లీచింగ్ వాసన వస్తున్నయని తాగుతలేరంట మీ కాడ, వాసన ఉందంటె నీళ్ళల్ల క్లోరిన్ ఇంకా ఉందని అర్థం, శుభ్రమైన బిందెల పట్టి పైన సన్న బట్ట కప్పి కొద్దిసేపు ఉంచితె వాసన తగ్గుతది అని చెప్పు, చెప్పుడు కాదు, నువ్వు వాళ్ళ ముందట తాగు.

ఇంట్ల చూడాల్సినయి జల్ది చెప్త. తాగే నీళ్ళకు మూత, ముంచనీకి పొడుగు కాడ ఉన్న గంటె, అది కింద పెట్టకుండ గోడకు మొలకు తగిలియ్యాలె. గోళెం ఉంటె స్నానానికి. బాలామృతం కాగిన నీళ్ళతోనే కలపాలె, కలిపింది వెంటనే పెట్టాలె, పొద్దున కలిపింది మాపటికి ఉంచొద్దు. పాలపీక సీసా కనిపిస్తె తీయించు. ఆరు నెలల లోపు పిల్లకు ఎండకాలమైనా సరే ఒక్క చెంచా నీళ్ళు వద్దు, తల్లిపాలల్ల ఎక్కువ భాగం నీళ్ళే, ఇది ముసలవ్వలతోని కొట్లాటయితది, కోడలికి చెప్పకు, అత్తను పక్కన కూసోబెట్టుకొని ఆమెకే చెప్పు. సెంటర్ల అన్నం ముందు చేతులు కడుగుడు నీ పని, సబ్బు పోతుంటదంటివి, పాత చీర ముక్కల సబ్బు మూట కట్టి నల్లాకు ఏలాడదియ్యి, నేను ముప్పై ఏండ్లు అట్లనే చేసిన, ఒక్కటి పోలే. ఆయమ్మ గోర్లు సోమవారం సోమవారం చూడు, నీ గోర్లు కూడ ఆమెకు చూపియ్యి.

మోషన్స్ అయినప్పుడు కడుపు మాడ్చుడు అలవాటు మనోళ్ళకు, అన్నం బంద్, పాలు బంద్. ఆపొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు కాగి చల్లారిన నీళ్ళల్ల, ఆ లీటరు ఎంతో సీసా చూపించి చెప్పు, తక్కువ నీళ్ళల్ల కలిపితె ఉప్పు ఎక్కువై ప్రమాదం. ప్యాకెట్ లేకపోతె లీటరుకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తల కొట్టి కొలవాలె. ఒక రోజు దాటితె పారబోయాలె. జింక్ బిళ్ళ 14 రోజులు, ఆరు నెలలు దాటినోళ్ళకు 20 మిల్లీగ్రాములు, మోషన్స్ ఆగినయని మధ్యల ఆపుతరు, అది కాకుండ చూడు. కండ్లు లోపలికి పోయినా, ఉచ్చ పోసుడు ఆగినా, నెత్తురు పడ్డా, తాగలేకపోయినా ఇంక ఆలోచన లేదు, పీహెచ్‌సీకే. 1971ల బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బెంగాల్‌ల బోన్‌గావ్ శరణార్థుల క్యాంపుల కలరా వస్తె సెలైన్లు అయిపోయినయి, దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపి డ్రమ్ములల్ల పోసి, తల్లులకే గిలాసలిచ్చి తాపమన్నడు, నూటికి ముప్పై మంది దాక పోయే కాడ నాలుగు లోపు దిగింది. ఆయన పోయినంక 2023ల పద్మవిభూషణ్ ఇచ్చిన్రు. తాపింది నర్సులు కాదు, కన్నతల్లులు, చదువు రానోళ్ళు. నీ తల్లులకు చెయ్యొస్తదని నమ్ము.

మోషన్స్ తగ్గినంక రెండు వారాలు ఆ పిల్లకు రోజుకొక పూట ఎక్కువ పెట్టియ్యి, పోయిన తూకం అప్పుడే తిరిగొస్తది. జబ్బ కొలిచే టేపు ఎప్పుడూ బ్యాగులనే ఉంచుకో, 12.5 సెంటీమీటర్ల లోపుంటె కన్నేసి ఉంచు, 11.5 లోపుంటె నా ఫోన్ కోసం ఆగకు, అదే రోజు ఊరి నర్సు ఏఎన్ఎంకు చెప్పి, బాగ బక్కచిక్కిన పిల్లలకు తిండి, వైద్యం ఇచ్చే దవాఖాన ఎన్ఆర్‌సీకి పంపు. తల్లి కూలి పోతదని ఏడుస్తది, నిజమే ఆ బాధ, సంఘంల మాట్లాడి మిగిలిన పిల్లలను చూసేటోళ్ళను కుదిరిస్తె పోతది.

ఆరుగురి చార్టుల మీద తూకం పక్కనే ఈ నెల ఎన్ని రోజులు మోషన్స్ అయినయో, ఏ నీళ్ళు తాగుతున్నరో, ఏ వాడనో పెన్సిల్‌తోని రాసి పెట్టు. నేను వచ్చే శనివారం పొద్దుగాల తొమ్మిదింటి బస్సుకు వస్త, ట్యాంకీ ఎక్కనీకి నా మోకాళ్ళు కావు, నువ్వెక్కు, నేను కింద నిలబడత. మూత తీసి లోపల ఫోటో తియ్యి, కడిగిన తారీఖు ట్యాంకీ మీద రాసుందా చూడు. నీళ్ళు విడిచే ఆయనకు నేను వస్తున్నని ముందే చెప్పు, భయపెట్టినట్టు కాదు, మా పెద్దమ్మ చాయ్ తాగనీకి వస్తది అని చెప్పు. అప్పటిదాక ఆ ఆరుగురి తల్లులను ఏమనకు, వాళ్ళింటికి పోతె గిలాసెడు నీళ్ళు అడిగి, ఎట్ల ముంచుతున్నరో చూసి రా.

ఎండబెట్టిన చింతచిగురు, మునగాకు పొడి తెస్తున్న, సగం మీ అమ్మకు, సగం సెంటర్ పప్పులకు.

నీ పెద్దమ్మ